గొంతులు, చప్పుళ్ళతో ఇంట్లోనే ఆడియో కథ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం మధ్యాహ్నం అన్నాలు తిన్నాక రేడియో చుట్టూ చేరి ఆకాశవాణి నాటకం వినే ఇంట్లో పెరిగాను. తలుపు చప్పుడు వినపడితే చాలు, అది ఎలాంటి తలుపో, ఏ ఇంటిదో మా కళ్ళకు కట్టేది. ఇప్పుడు ఒక ఫోను, ఒక కంప్యూటరు, నలుగురు మనుషులు ఉంటే అలాంటి కథను ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. నేను చేసిన కథలు విన్నవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఒకచోట రాస్తున్నాను. ఉదాహరణలు చాలావరకు ఒకే కథలోవి. పెరట్లో బావి ఉన్న పాత ఇల్లు, సూరమ్మ అనే పెద్దావిడ, ఆమె మనవడు, పక్కింటి మనిషి, ఒక వాన రాత్రి. మొత్తం 11 నిమిషాలు.

కథను చక్కగా చదివి రికార్డు చేస్తే సరిపోదా? గొంతులూ చప్పుళ్ళూ ఎందుకు?

సరిపోతుంది. ఒక్క గొంతుతో చదివిన మంచి కథకు ఏ లోటూ ఉండదు. వర్ణన ఎక్కువగా ఉన్న కథలు, మనసులో మాటల మీద నడిచే కథలు అలా చదివితేనే బాగుంటాయి. మాటలు, రాకపోకలు, చోటు మారడం ఎక్కువగా ఉన్న కథకు మాత్రం గొంతులు వేరైతే ప్రాణం వస్తుంది. మీ కథలో "అన్నాడు", "అంది" అన్న మాటలు పేజీకి పది పైన ఉంటే అది నాటకంగా మారడానికి సిద్ధంగా ఉన్నట్టే.

రాసిన కథను స్క్రిప్టుగా ఎలా మార్చాలి?

అందరూ తొందరపడే పని ఇది. నిజానికి సగం కథ ఇక్కడే తయారవుతుంది. నా కథలో మొదట ఇలా రాసుకున్నాను: "రాత్రి పది దాటింది. సూరమ్మ లాంతరు పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. బావి దగ్గర ఎవరో నిలబడి ఉన్నట్టు కనిపించింది."

వినేవాడికి లాంతరు కనపడదు, మనిషీ కనపడడు. కాబట్టి ఇలా మార్చాను. గొళ్ళెం తీసిన చప్పుడు. తలుపు కిర్రుమంటుంది. అప్పటిదాకా గదిలో మూసుకుపోయినట్టున్న వాన చప్పుడు ఒక్కసారిగా పెద్దదవుతుంది. తడి మట్టిలో నాలుగు అడుగులు. బావి గిలక కొంచెం తిరిగి ఆగిపోతుంది. అడుగులూ ఆగుతాయి. సూరమ్మ, గొంతు తగ్గించి: "ఎవర్రా అది?"

లాంతరు పోయింది, "రాత్రి పది" పోయింది. కీచురాళ్ళే రాత్రని చెబుతాయి. గిలక తిరిగిందంటే తాడు దగ్గర ఎవరో ఉన్నారని వినేవాడే గ్రహిస్తాడు. వాడు గ్రహించగలిగినదాన్ని వ్యాఖ్యాత మళ్ళీ చెప్పకూడదు.

ఇంకో సంగతి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో చెవికి తెలియాలి. ఈ విషయంలో తెలుగువాళ్ళం అదృష్టవంతులం. "ఏమే చెల్లెమ్మా", "బావగారూ", "ఒరేయ్ చిన్నా", "నాయనమ్మా" అని మనం మామూలుగానే వరస పెట్టి పిలుస్తాం. ఆ ఒక్క పిలుపులో ఎదుటి మనిషి ఎవరో, వాళ్ళిద్దరికీ ఉన్న చుట్టరికం ఏమిటో, ఎవరు పెద్దో అన్నీ తెలిసిపోతాయి. ప్రతి సీనులో మొదటి రెండు మూడు మాటల్లోపు ఒక పిలుపు ఉండేలా చూసుకోండి.

ఒక్కడినే అన్ని పాత్రలకూ గొంతు ఇవ్వచ్చా?

ఇవ్వచ్చు, కానీ గొంతు మార్చే ప్రయత్నంలో కీచుగానో, బొంగురుగానో పోకండి. మాట వేగం మార్చండి. ఒక పాత్ర మాటకూ మాటకూ మధ్య ఆగుతుంది, ఇంకొకటి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంది. గొంతు తీరు మార్చడం కంటే ఇదే బాగా పనిచేస్తుంది. మూడు పాత్రలు దాటితే మాత్రం ఇంకొకరిని పిలవండి.

యాస సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. శ్రీకాకుళం మనిషి పాత్రకు శ్రీకాకుళం మనిషి గొంతే పెట్టండి. తెలంగాణ, రాయలసీమ, గోదావరి, ఏదైనా అంతే. సినిమాలు చూసి పట్టుకున్న యాస వెక్కిరింతలా వినపడుతుంది. ఆ ప్రాంతం వాళ్ళు కథ వినడం అక్కడితో ఆపేస్తారు, వాళ్ళకు కోపం రావడం న్యాయమే. అలాంటి మనిషి దొరక్కపోతే పాత్రను మీకు వచ్చిన యాసలోకి మార్చుకోండి, కథకు నష్టమేమీ రాదు.

మైకు కొనాలా? ఫోను చాలదా?

మొదటి కథకు ఫోను చాలు. డబ్బు పెట్టే ముందు గదిని బాగుచేసుకోండి. మంచి గదిలో ఫోను రికార్డింగు, గోల గదిలో ఖరీదైన మైకు రికార్డింగు పక్కపక్కన పెట్టి వింటే ఫోనుదే బాగుంటుంది. ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, చేత్తో పట్టుకోకుండా పుస్తకాల దొంతర మీద నిలబెట్టండి. ఎంపీ3గా కాకుండా, గొంతును కుదించని వేవ్ ఫార్మాట్‌లో దాచే రికార్డింగ్ యాప్ వాడండి.

రెండు మూడు కథలయ్యాక ఇది మీకు పట్టుబడింది అనిపిస్తే యూఎస్‌బీ మైకు ఒకటి తీసుకోవచ్చు. వీధి గోల ఎక్కువగా ఉండే ఇంట్లో కండెన్సర్ మైకు కంటే డైనమిక్ మైకు మేలు. దగ్గరి గొంతును పట్టుకుని దూరపు చప్పుడును చాలావరకు వదిలేస్తుంది.

ఇంట్లో ఏ గది మంచిది?

గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట కొట్టండి. టప్‌మని అక్కడే ఆగిపోతే మంచి గది. ఠంగుమని తోక సాగితే కాదు. సిమెంటు శ్లాబు, టైల్స్ నేల, బోసి గోడలు ఉన్న హాలు అన్నిటికంటే చెడ్డది. పరుపు, బొంతలు, నిండుగా బట్టలున్న బీరువా ఉన్న చిన్న పడకగది మంచిది. బీరువా తలుపులు బార్లా తెరిచి, బట్టలకు ఎదురుగా కూర్చుని మాట్లాడండి. వెనక ఒక దుప్పటి ఆరేయండి.

ఆ తర్వాత చప్పుడు చేసేవాటిని ఒక్కొక్కటిగా ఆపాలి. ఫ్యాను, కూలరు, ఇన్వర్టరు, ఫ్రిజ్, గోడ గడియారం. మా మొదటి కథకు మా అమ్మ సూరమ్మ పాత్ర చెప్పింది. రెండు గంటలు కూర్చుని, చివరి సీనులో నిజంగానే కన్నీళ్ళు పెట్టుకుంది. సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే సగం సీన్లలో వంటింటి ఫ్రిజ్ గుయ్‌మంటోంది, మిగతా సగంలో లేదు. రెండూ కలిపితే అతుకు తెలిసిపోతుంది. అమ్మ మళ్ళీ చెప్పింది కానీ ఆ ఏడుపు మళ్ళీ రాలేదు. ఇప్పుడు ఫ్రిజ్ ఆపగానే బండి తాళాలు దానిలో పెడతాను. బయటికి వెళ్ళేటప్పుడు తాళాలకోసం తలుపు తీస్తే స్విచ్ వేయడం గుర్తొస్తుంది, పాలు విరగవు.

మనుషుల మీద ఉన్న చప్పుళ్ళు కూడా చూసుకోండి. గాజులు, పట్టీలు, గంజి పెట్టిన చీర, జేబులో చిల్లర. స్క్రిప్టు కాగితాలకు పిన్ను కొట్టకండి. విడి కాగితాలుగా ముందు పరుచుకుంటే పేజీ తిప్పే చప్పుడు ఉండదు.

ఎండాకాలంలో ఫ్యాను లేకుండా పది నిమిషాలకు మించి ఎవరూ కూర్చోలేరు. తెల్లవారుజామున నాలుగింటికి మొదలుపెడితే వీధీ నిద్రలోనే ఉంటుంది, ఉక్కపోతా తక్కువ.

మైకుకు ఎంత దూరంలో ఉండాలి?

మామూలు మాటకు జానెడు. గుసగుసకు బెత్తెడు. అరుపుకు మూరెడు వెనక్కి జరిగి, ముఖం కొంచెం పక్కకు తిప్పాలి.

అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "పప్పు", "బాబు", "ఫలానా", "భయం" అని చూడండి, గాలి తగులుతుంది. ఆ గాలి మైకుకు తగిలితే బొప్‌మని దెబ్బ వినిపిస్తుంది. అందుకే మైకును నోటికి ఎదురుగా కాకుండా చెంప వైపు పెట్టాలి. కుట్టుపనికి వాడే గుండ్రటి ఫ్రేముకు పల్చటి సాక్సు బిగించి మధ్యలో పెట్టినా ఆ గాలి విరిగిపోతుంది.

పాత్ర దూరం నుంచి పిలుస్తుంటే ఎడిటింగ్‌లో వాల్యూం తగ్గించడం చాలదు. దూరపు గొంతులో బరువు తగ్గుతుంది, గది గొంతు కలుస్తుంది. అందుకని ఆ మనిషినే నాలుగడుగులు వెనక్కి పంపి పిలిపించండి. బావిలోంచి వచ్చే మాటకు నేను ఖాళీ ఇత్తడి బిందె వాడాను. మనవడి నోరు బిందె మూతి దగ్గర, ఫోను ఆ పక్కనే. ఏ ఎఫెక్టూ వేయనవసరం లేకపోయింది.

సెట్టింగులు ఏం పెట్టాలి?

48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో (ఒకే చానెల్). 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్ అయినా తేడా పట్టుకోవడం కష్టం. అందరి రికార్డింగులూ ఒకే సెట్టింగులో ఉండటం ముఖ్యం. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ మోనో వేవ్ ఫైలు నిమిషానికి 8.6 ఎంబీ దాకా పడుతుంది, గంటకు సుమారు అర జీబీ. ఫోనులో చోటు చూసుకోండి.

రికార్డింగు లెవెల్ చూపే మీటరులో మామూలు మాటలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడాలి, గట్టి మాటలు మైనస్ 6 దాటకూడదు. సున్నా తాకితే గొంతు చిరిగిపోతుంది, దాన్ని బాగుచేయడం దాదాపు అసాధ్యం. కాబట్టి సీనులో అన్నిటికంటే పెద్ద అరుపును ముందు చెప్పించి, దానికి సరిపడా లెవెల్ పెట్టుకోండి.

చదువుతూ తప్పు పోతే మొదటినుంచీ మొదలుపెట్టాలా?

వద్దు. రికార్డింగు ఆపకండి. ఒక చప్పట కొట్టి, రెండు క్షణాలు ఆగి, ఆ వాక్యం మొదటినుంచి చెప్పండి. ఎడిటింగ్‌లో చప్పట సూదిలా పైకి పొడుచుకొచ్చి కనిపిస్తుంది, తప్పు ఎక్కడో వెతకక్కర్లేదు. ప్రతి వాక్యం బాగా వచ్చినా సరే రెండుసార్లు చెప్పించండి. రెండోసారి మనిషి స్క్రిప్టు మర్చిపోయి మాట్లాడతాడు.

రికార్డింగు అంతా అయ్యాక అందరూ కదలకుండా 30 సెకన్లు ఊరికే కూర్చోండి, రికార్డింగు నడుస్తూనే ఉండాలి. ఆ గది నిశ్శబ్దం మీకు బంగారం. కత్తిరించిన చోట ఖాళీ వదిలితే వినేవాడికి గోతిలో పడ్డట్టుంటుంది. అక్కడ ఈ ముక్క అతికించాలి.

మా వాళ్ళు తలో ఊళ్ళో ఉన్నారు. ఎలా?

మా చెల్లెలు అమెరికాలో ఉంటుంది, పక్కింటి మనిషి భార్య పాత్ర తనదే. వీడియో కాల్‌లో ఇద్దరం ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాట్లాడుకుంటాం, కానీ ఎవరి గొంతు వాళ్ళ దగ్గరే వేరే ఫోనులో రికార్డు అవుతుంది. కాల్‌లో వినపడే గొంతును రికార్డు చేయకండి, అది నలిగిపోయి ఉంటుంది. మొదట్లో ఇద్దరం కలిసి "ఒకటి, రెండు, మూడు" అని చప్పట కొడతాం. ఆ రెండు చప్పట్లూ ఒకదాని కింద ఒకటి పెడితే మాటలు సుమారుగా చోటుకు వస్తాయి, మిగతాది చెవితో సర్దుకోవాలి. ఫైలును వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా పంపితే కుదించేస్తుంది. డాక్యుమెంటుగానో, డ్రైవ్‌లోనో పంపమనండి.

పిల్లలతో చెప్పించడం కష్టమా?

స్క్రిప్టు చేతికిస్తే పాఠం అప్పజెప్పినట్టు చెబుతారు. కాగితం ఇవ్వకండి. "నాయనమ్మ తలుపు తీయట్లేదు, నీకు భయమేస్తోంది, పిలువు" అని పరిస్థితి చెప్పి వదలండి. మా మేనల్లుడు నేను రాసిన మాటల్ని పక్కన పెట్టి తనకు తోచినట్టు పిలిచాడు. అదే ఉంచాను.

సౌండ్ ఎఫెక్టులు ఎక్కడ దొరుకుతాయి?

ఫ్రీసౌండ్ అనే సైటు ఉంది. బార్సిలోనాలోని పోంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం వాళ్ళు 2005లో మొదలుపెట్టారు. లక్షల చప్పుళ్ళున్నాయి. బీబీసీ సౌండ్ ఎఫెక్ట్స్ భాండాగారం కూడా సొంతానికీ, చదువుకీ ఉచితమే, డబ్బు సంపాదించే పనికి మాత్రం విడిగా లైసెన్సు తీసుకోవాలి.

కానీ డౌన్‌లోడు చేసే ముందు ఒకసారి చెవి పెట్టి వినండి. ఆ చప్పుళ్ళలో చాలావరకు మన ఊరివి కావు. తలుపు అని వెతికితే గుండ్రటి పిడి తిప్పిన చప్పుడు వస్తుంది. సూరమ్మ ఇంటి తలుపుకు గొళ్ళెం ఉంటుంది. కాకి అని వెతికితే అమెరికా కాకి అరుస్తుంది. మన ఊరకాకి గొంతు వేరు. సంత అని వెతికితే వెనక ఎవరో స్పానిషులో బేరమాడుతుంటారు. అంబులెన్సు కూత, రైలు కూత, ఫోను రింగు, రాత్రి పురుగులు, అన్నీ అంతే. వినేవాడు "ఇది తప్పు" అని పట్టుకోలేకపోవచ్చు. కానీ కథ మన ఇంటిపక్క జరుగుతున్నట్టు అనిపించదు, ఎందుకో చెప్పలేడు.

అందుకే గాలి, ఉరుము, సముద్రం లాంటివి బయటినుంచి తెచ్చుకోండి. మనుషులు ముట్టుకునే వస్తువుల చప్పుళ్ళు మాత్రం మీరే పట్టుకోండి. గొళ్ళెం, చెంబు, రోకలి, కుక్కర్ కూత, రేకుల మీద వాన, ఆర్టీసీ బస్సు తలుపు, కిరాణా కొట్టు షట్టరు. ఫోను ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. ఎక్కడ మంచి చప్పుడు వినపడినా ఒక నిమిషం తక్కువ కాకుండా రికార్డు చేసి, పేరుతో, చోటుతో, తేదీతో దాచుకోండి.

బావి గిలక కోసం నేను చాలా తిరిగాను. తెలిసిన ఊళ్ళలో బావులు పూడ్చేశారు, లేదంటే మోటారు బిగించారు. చివరికి అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో ఒక పాత ఇంట్లో ఇనప గిలక దొరికింది. ఆ ఇంటి పెద్దాయన, "దాని చప్పుడుతో ఏం చేసుకుంటావయ్యా?" అని అడుగుతూనే తెల్లవారుజామున లేచి నాకోసం రెండు బిందెలు తోడారు. తాడు లాగుతుంటే కిర్ర్... కిర్ర్... మధ్యలో బిందె రాతికి తగిలిన మోత, నీళ్ళు లోపలికి తిరిగి రాలిన చప్పుడు. ఏ లైబ్రరీలోనూ ఈ మూడూ కలిసి దొరకవు.

ఇంట్లోనే చేసుకోగల చప్పుళ్ళు ఏమున్నాయి?

ఈ విద్యకు సినిమావాళ్ళు ఫోలీ అని పేరు పెట్టారు. అమెరికాలో యూనివర్సల్ స్టూడియోలో పనిచేసిన జాక్ ఫోలీ పేరు అది. నాటకాలవాళ్ళూ రేడియోవాళ్ళూ ఈ పనిని అంతకుముందునుంచే చేస్తున్నారు.

గుర్రపు డెక్కలకు రెండు కొబ్బరి చిప్పలు, కింద మట్టి పళ్ళెం. మంటకు బిస్కెట్ ప్యాకెట్ కాగితాన్ని మైకు దగ్గర మెల్లగా నలపాలి. వానకు రెండు దారులు. చేటలో బియ్యం పోసి అటూ ఇటూ వాల్చడం ఒకటి, కాగే నూనెలో వడియాలు వేగే చప్పుడు రెండోది. నాకు రెండోదే నచ్చింది, కాకపోతే ఫోనును పొయ్యికి దూరంగా పెట్టండి. ఉరుముకు పల్చటి రేకును రెండు చేతులతో పట్టుకుని ఊపాలి. ఎముక విరగడానికి పచ్చి మునక్కాయ. గడ్డిలో నడకకు పాత క్యాసెట్ల టేపు లాగి ఉండలా చుట్టి, దాన్ని చేత్తో అదమండి.

అడుగుల చప్పుడు మాత్రం నటన. సూరమ్మ అడుగులు నేను వేస్తే కుర్రాడి అడుగుల్లా ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులున్న మా పెద్దమ్మను మట్టి పరిచిన గోనెసంచి మీద నడిపించాను. ఒక అడుగు పూర్తిగా పడుతుంది, రెండోది ఈడ్చినట్టు వస్తుంది. ఆ అడుగులు వినగానే సూరమ్మ వయసు తెలిసిపోయింది.

ఎడిటింగ్‌కు ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

ఆడాసిటీ. ఉచితం, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది, పాత కంప్యూటరు చాలు. 2000లో మొదట విడుదలైంది, అప్పటినుంచీ ఎంతోమంది వాడుతున్నారు కాబట్టి ఏ సందేహానికైనా జవాబు దొరుకుతుంది. ట్రాకులు ముప్పై నలభై దాటే పెద్ద కథలకు రీపర్ బాగుంటుంది, అది కొనాలి, 60 రోజులు వాడి చూసుకోవచ్చు.

ఏ క్రమంలో ఎడిట్ చేయాలి?

మొదట మాటలు. చప్పుళ్ళూ సంగీతం జోలికి పోకుండా గొంతులన్నీ వరసగా పేర్చి, తప్పులు తీసేసి, కథ మొత్తం ఒక తీగలా చేయండి. ఈ దశలోనే కథ పట్టు కలిగించాలి. ఇక్కడ విసుగనిపిస్తే ఎఫెక్టులు దాన్ని కాపాడలేవు, స్క్రిప్టులో కోత పెట్టండి.

వింటూ ఉండగా ఏదైనా గుర్తు పెట్టుకోవాలంటే ఆడాసిటీలో కంట్రోల్, ఎం కలిపి నొక్కండి. అక్కడ ఒక చీటీ పడుతుంది, "ఉరుము ఇక్కడ", "ఊపిరి తీసెయ్యాలి" అని తెలుగులోనే రాసుకోవచ్చు.

మాటల మధ్య ఖాళీలు చేత్తో సరిచేయాలి. విడివిడిగా రికార్డు చేసిన గొంతులు ఒకరి తర్వాత ఒకరు వంతులవారీగా మాట్లాడినట్టుంటాయి. మనం అలా మాట్లాడం. పోట్లాటలో ఒకరి మాట పూర్తికాకుండానే రెండోవాళ్ళు అందుకుంటారు, అక్కడ ఖాళీ తీసేసి కొంచెం ఒకదాని మీద ఒకటి ఎక్కించండి. చెడ్డ కబురు విన్న తర్వాత ఒకటిన్నర సెకను ఖాళీ ఉంచండి. "ఎవర్రా అది?" తర్వాత నేను మూడు సెకన్లు ఉంచాను, వాన తప్ప ఏమీ లేదు. కథ మొత్తంలో ఎక్కువమంది చెప్పుకున్నది ఆ మూడు సెకన్ల గురించే. ఊపిరులన్నీ తీసేయకండి, భయపడ్డ మనిషి ఊపిరి కూడా సంభాషణే.

రెండోది చోటు. ప్రతి సీనుకూ కింద ఒక పరుపులాంటి చప్పుడు ఉండాలి. వాన, కీచురాళ్ళు, బజారు గోల, ఏదైతే అది. అది మాటల కంటే ముందు మొదలై, తర్వాత ఆగాలి. సీను మారినప్పుడు ఒకటి తగ్గుతూ ఇంకొకటి పెరిగితే వినేవాడు తనంతట తానే చోటు మారతాడు.

మూడోది పనుల చప్పుళ్ళు. గొళ్ళెం, అడుగులు, చెంబు. ప్రతి కదలికకూ చప్పుడు పెట్టక్కర్లేదు, కథకు పనికొచ్చేదే పెట్టండి. సంగీతం చిట్టచివర.

వెనక గుయ్‌మనే చప్పుడు పోగొట్టడం ఎలా?

ముందు లోతైన మోతలను కోసే హై పాస్ ఫిల్టరు 80 హెర్ట్జ్ దగ్గర పెట్టండి. మన కరెంటు 50 హెర్ట్జ్, ఆ గుయ్‌మోత అడుగుభాగం దీంతో తగ్గుతుంది. ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసేటప్పుడు చార్జర్ తీసేస్తే చాలాసార్లు అసలు రానే రాదు.

తర్వాత నాయిస్ రిడక్షన్. మీరు దాచుకున్న 30 సెకన్ల నిశ్శబ్దాన్ని ఎంచుకుని "గెట్ నాయిస్ ప్రొఫైల్" నొక్కి, ఆపైన మొత్తం ట్రాకు ఎంచుకుని మళ్ళీ అదే ఎఫెక్టు వేయాలి. తగ్గింపును 6 నుంచి 9 డెసిబెల్స్ మధ్య ఉంచుకోండి. ఎక్కువ వేస్తే మనిషి నీళ్ళలోంచి మాట్లాడినట్టుంటుంది. వాన సీనుకైతే నేను ఇది వేయనే వేయను, వాన చప్పుడే కప్పేస్తుంది.

చప్పుళ్ళ మధ్య మాటలు వినపడటం లేదంటున్నారు.

మీకు స్క్రిప్టు కంఠతా వచ్చు కాబట్టి మాట వినపడకపోయినా మీ చెవి పూరించుకుంటుంది. అందుకే మీ చెవిని నమ్మకండి. మాట మొదలయ్యే చోట పరుపు చప్పుడును ఆడాసిటీలోని ఎన్వలప్ టూల్‌తో 6 నుంచి 10 డెసిబెల్స్ కిందికి లాగండి, మాట అయ్యాక మెల్లగా పైకి వదలండి. ఆటో డక్ అనే ఎఫెక్టు ఇదే పని తనంతట తాను చేస్తుంది, కానీ నాటకానికి చెయ్యి చేసే పనే బాగుంటుంది. గట్టి చప్పుడు ఏదైనా మాట మీద పడకుండా, ముందో వెనకో జరపండి.

స్క్రిప్టు చదవని మనిషికి ఒకసారి వినిపించండి. నా మొదటి శ్రోత చూపు లేని మిత్రుడు. రేడియో నాటకాలు నాకంటే ఎక్కువ విన్నవాడు. "సూరమ్మ తిరిగి ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? నాకింకా పెరట్లోనే ఉన్నట్టుంది" అన్నాడు. తలుపు మూసిన చప్పుడు పెట్టాను కానీ వాన గొంతు మార్చడం మర్చిపోయాను. వాన ట్రాకుకు సన్నటి చప్పుళ్ళను కోసే లో పాస్ ఫిల్టరు వేసి మూసుకుపోయినట్టు చేయగానే ఆవిడ ఇంట్లోకి వచ్చేసింది.

ఫోనులో అవతలి గొంతు ఎలా చేయాలి?

300 హెర్ట్జ్ కింద, 3,400 హెర్ట్జ్ పైన కోసేయండి. పాత టెలిఫోను మోసేది ఆ మధ్య భాగాన్నే.

సంగీతం ఎంత ఉండాలి?

మొదట్లో కొంచెం, చివర కొంచెం, కాలం మారే చోట ఒకసారి. ఏడుపు సీను కింద వయొలిన్ పెడితే నటిని నమ్మలేదని చెప్పినట్టే. సినిమా పాటలు, వాటి బిట్లు వాడకండి, హక్కులు కంపెనీలవి. ఇంట్లో ఎవరికైనా వేణువో, వీణో వస్తే వాళ్ళతో ఒక నిమిషం వాయించుకోండి.

ఇష్టమైన రచయిత కథను చేయవచ్చా?

మన చట్టం ప్రకారం రచయిత చనిపోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు హక్కులుంటాయి. గురజాడ అప్పారావు 1915లో పోయారు కాబట్టి ఆయన కథలు అందరివీ. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి 1961లో పోయారు, 2021తో గడువు తీరింది. ఇంకా గడువున్న కథకు కుటుంబాన్నో, ప్రచురణకర్తనో అడిగి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అనువాద కథకు మూల రచయితతోపాటు అనువాదకుడి హక్కు కూడా ఉంటుంది.

ఫ్రీసౌండ్‌లో ప్రతి చప్పుడు పక్కనా లైసెన్సు రాసి ఉంటుంది. సీసీ జీరో అయితే ఎలాగైనా వాడచ్చు. అట్రిబ్యూషన్ అయితే చేసినవాళ్ళ పేరు ఇవ్వాలి. నాన్ కమర్షియల్ అంటే యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు వచ్చే కథలో పెట్టకూడదు.

కృత్రిమ మేధ గొంతులు వాడితే?

నేను వాడను. చదవడం వరకు అవి బాగానే చదువుతాయి, కానీ నోట్లో కిళ్ళీ పెట్టుకుని మాట్లాడే పక్కింటి మనిషి వాటిలో దొరకడు. ఎవరి గొంతునైనా వాళ్ళ అనుమతి లేకుండా నకలు తీయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయకండి.

చివరికి ఏ లెవెల్లో, ఏ ఫార్మాట్‌లో దాచాలి?

ఆడాసిటీలో లౌడ్‌నెస్ నార్మలైజేషన్ ఉంది. స్టీరియోకు మైనస్ 16 ఎల్‌యూఎఫ్ఎస్ (చెవికి మొత్తంగా ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత), మోనోకు మైనస్ 19. పాడ్‌కాస్టులవాళ్ళు పాటించే లెక్క ఇదే. అరుపుల సీను మరీ పెద్దగా ఉంటే దానికంటే ముందు గట్టి మాటలను తగ్గించే కంప్రెసర్ 2:1 లేదా 3:1 వేయండి. శిఖరాలు మైనస్ 1 డెసిబెల్ దాటకుండా లిమిటరు పెట్టండి. వినిపించడానికి ఎంపీ3, మోనోకు 128 కేబీపీఎస్ చాలు, నిమిషానికి ఒక ఎంబీ కంటే కొంచెం తక్కువ. ఫోను స్పీకర్లో ఒకసారి, ఒక చెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఒకసారి విన్నాకే బయటికి వదలండి. మనవాళ్ళు బస్సులో వినేది అలాగే.

పది నిమిషాల కథకు ఎన్ని రోజులు పడుతుంది?

నాకు స్క్రిప్టుకు వారం, రికార్డింగుకు రెండు పూటలు, చప్పుళ్ళు పోగుచేయడానికి ఒక నెల, ఎడిటింగ్‌కు పన్నెండు సాయంత్రాలు పట్టాయి. రెండో కథకు సగమే పట్టింది. పోగుచేసిన చప్పుళ్ళు మళ్ళీ పనికొచ్చాయి.

పని అయిపోయాక ఒరిజినల్ రికార్డింగులు తీసేయవచ్చా?

తీసేయకండి. ప్రాజెక్టు ఫైలు, విడి గొంతులు, విడి చప్పుళ్ళు అన్నీ వేవ్ ఫార్మాట్‌లోనే ఉంచండి. ఎంపీ3 ఒక్కటే మిగిలితే మళ్ళీ విడదీయలేరు. కంప్యూటర్లో ఒకటి, బయటి హార్డ్‌డిస్కులో ఒకటి, డ్రైవ్‌లో ఒకటి ఉండాలి. నాకు గిలక తిప్పి చూపించిన పెద్దాయన బావి మీద మరుసటి ఎండాకాలం శ్లాబు వేశారు. "గిలక_ఇనప_తెల్లవారుజాము_రెండు బిందెలు" అన్న ఫైలు నా దగ్గర మూడు చోట్ల ఉంది. నాలుగోది ఆ ఇంటివాళ్ళ ఫోనులో ఉంది, పండక్కి వచ్చిన వాళ్ళ మనవరాలు అడిగి ఎక్కించుకుంది.